వీడియోల చిట్టా

మా ఇంట్లో కిరాణా పద్దులు రాసుకోవడానికని కొన్న పొడవాటి నోటు పుస్తకం ఒకటి 2020 నుంచి వేరే పనికి మళ్లింది. మొదటి నాలుగు పేజీల్లో కందిపప్పు, వేరుశనగ నూనె, చింతపండు లెక్కలున్నాయి. అయిదో పేజీ నుంచి వీడియోల పద్దు మొదలవుతుంది. ప్రతి వీడియోకూ ఒక వరుస ఉంటుంది: చెప్పినవారు లేదా ప్రదర్శించినవారు ఎవరు, ఎక్కడ తీశారు, ఏ సంవత్సరంలో తీశారు, మొత్తం నిడివి ఎంత, నాకు పనికివచ్చిన ఘట్టం ఎన్నో నిమిషంలో వస్తుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ముప్ఫై ఏళ్లకు దగ్గరగా భౌతికశాస్త్రం చెబుతున్న నాకు పద్దు రాయడం అలవాటే. మా ప్రయోగశాలలో కటకాల దగ్గరి నుంచి స్టాప్‌వాచీల దాకా స్టాకు రిజిస్టరులో ఎక్కనిదే ఏదీ బీరువాలోకి వెళ్లదు. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది. పుస్తకం ఇప్పుడు నిండవచ్చింది కనుక, అందులో ఏమేమి చేరాయో, ఏవి చేరలేదో, ఎందుకు చేరలేదో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఈ చిట్టాకు కారణం కరోనా. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం కావడం మొదలైన రోజుల్లో, మా వీధిలో పదో తరగతి చదివే కుర్రవాడు ఒకడు సాయంత్రం పూట మా గేటు దగ్గర నిలబడి, "సార్, టీవీలో సార్ చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి సార్ అంటే ఆయనకు వినపడదు కదా సార్" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. తరగతి గదిలో కనీసం పిల్లవాడి ముఖం చూసి రెండోసారి చెబుతాం. ప్రసారానికి ఆ దయ ఉండదు. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ మళ్లీ చూడగల పాఠాల కోసం వాడి తరఫున వెతకడం మొదలుపెట్టి, వాడు పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, ఇంజినీరింగులో చేరిపోయిన తరువాత కూడా నేను మాత్రం ఆ వెతుకులాట మానలేకపోయాను.

టీవీలో పాఠం మా తరానికి మరీ కొత్త సంగతేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక ఏడాది పాటు, ఇస్రో, నాసా కలిసి 'సైట్' అనే ప్రయోగాన్ని నడిపాయి. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఆ ఏడాదికి మనకు ఎరువిస్తే, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టీవీ పెట్టెలు, వాటికి తోడుగా కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల గొడుగులు వెలిశాయి. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన పల్లెలకు కార్యక్రమాలు తెలుగులోనే వచ్చేవి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. మా నాన్నగారు అప్పట్లో ఉపాధ్యాయుడిగా ఉన్న పల్లెకు ఆ పెట్టె వచ్చింది. నాకు ఆరేళ్లు, పాఠాలేవీ గుర్తులేవు కానీ, వరండాలో నేల మీద కూర్చున్న ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం గుర్తుంది. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని ఇంకో చోటికి జరిపారు, తెర మీద బొమ్మ పోయింది. "ఎరువు తెచ్చుకున్న ఎద్దుతో ఒక కారు దున్నుకున్నాం" అని నాన్నగారు తరువాత చాలాకాలం చెప్పుకునేవారు. ఆ కారులో విత్తిన పాఠాలు ఆ ఊళ్లో ఎవరి దగ్గరా మిగలలేదు, ఎందుకంటే వాటిని దాచుకునే సాధనం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

ఇప్పటి పరిస్థితి దానికి పూర్తిగా తిరగబడినది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చునని 2001లో ప్రకటించింది. అక్కడి గణితాచార్యుడు గిల్బర్ట్ స్ట్రాంగ్ 1999లో మామూలు తరగతిలో చెప్పిన రేఖీయ బీజగణితం పాఠాలను, ఆయన 2023లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా, కొత్త పిల్లలు కొత్తగా వింటున్నారు. మన దగ్గర ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఉచిత వీడియో పాఠాల పథకాన్ని మొదలుపెట్టాయి. అందులో ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. బాలకృష్ణన్ గారి భౌతికశాస్త్ర ఉపన్యాసాలు నా పుస్తకంలో మూడు పేజీలు ఆక్రమించాయి. ఆయన పాఠంలో బొమ్మలు ఎగరవు, సంగీతం మోగదు. నల్లబల్ల, సుద్దముక్క, దాదాపు గంటసేపు మనిషి గొంతు, అంతే. అయినా ఆ గంట గడిచినట్టే ఉండదు. దీనికి కారణం ఏమిటని చాలాసార్లు ఆలోచించాను. సుద్దముక్క పట్టుకున్న చేయి సమీకరణాన్ని ఎంత వేగంగా రాస్తుందో, వినేవాడి బుర్ర కూడా దాదాపు అంతే వేగంగా దాన్ని అందుకుంటుంది. పదం తరువాత పదం బల్ల మీద పుడుతుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో మనకు కనిపిస్తుంది. స్లైడు మీద సమీకరణం అంతా ఒక్కసారే వచ్చి పడుతుంది. పుట్టుక చూడని బిడ్డను పెంపకానికి తెచ్చుకున్నట్టు, దానితో మనకు చుట్టరికం కలవడానికి సమయం పడుతుంది. పైగా బల్ల మీద రాసేవాడు అప్పుడప్పుడు తప్పు రాస్తాడు, ఆగుతాడు, చెరిపి మళ్లీ రాస్తాడు. పాఠ్యపుస్తకం ఎన్నడూ చూపించని ఆ చెరిపివేతను చూసిన పిల్లవాడికి, తప్పు రాయడం తనకొక్కడికే పట్టిన రోగం కాదని తెలుస్తుంది.

ముఖం చూపించకుండా నల్లని తెర మీద రంగురంగుల గీతలతో లెక్కలు చెప్పే పద్ధతి అమెరికాలోని సల్మాన్ ఖాన్‌ది (సినిమా నటుడు కాదు). ఆయన 2004లో దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి ఫోనులో లెక్కలు చెబుతూ, 2006లో వాటిని వీడియోలుగా పెట్టడం మొదలుపెట్టాడు. తరువాత అదే ఖాన్ అకాడమీ అయింది. తమకు ఎదురుగా కంటే వీడియోలో చెప్పే అన్నయ్యే బాగున్నాడని ఆ బంధువుల పిల్లలు అన్నారట, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. మా వీధి కుర్రవాడి ఫిర్యాదుకు ఇది అసలైన జవాబు. ఎదుటి మనిషిని నాలుగోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లవాడు వీడియోను నలభైసార్లు అడిగినా అది విసుక్కోదు.

అయితే, ఎంత బాగా చెప్పినా ఇవన్నీ మాటలే. మాటకు పుస్తకం ఉంది, మేమూ ఉన్నాం. కెమెరా ఒక్కటే చేయగల పని వేరే ఉంది: జరిగినదాన్ని జరిగినట్టు చూపించడం. నా పుస్తకంలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నవన్నీ ఆ రకానివే.

వాటిలో మొదటిది 1960లో అమెరికా ఉన్నత పాఠశాలల కోసం తీసిన నలుపు తెలుపు చిత్రం. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూమ్, ఐవీ అనే ఇద్దరు ఆచార్యులు అందులో నిర్దేశ చట్రాల గురించి, అంటే ఒక కదలికను ఎక్కడ ఉండి చూస్తున్నామన్న దాని గురించి చెబుతారు. చిత్రం మొదలయ్యేసరికే ఒకాయన తలకిందులుగా కనిపిస్తాడు. ఇద్దరిలో ఎవరు తలకిందులుగా ఉన్నారన్న దాని మీద ఇద్దరూ గంభీరంగా వాదించుకుంటారు. తరువాత తిరుగుతున్న బల్ల మీద, దాదాపు ఘర్షణ లేకుండా జారే చిన్న బిళ్లను వదులుతారు. బయట నిలబడిన కెమెరాకు అది తిన్నని గీతలో పోతుంది. బల్లతోపాటు తిరుగుతున్న కెమెరాకు అదే బిళ్ల వంకర తిరిగి పక్కకు పోతుంది. ఎవరూ తోయలేదు, అయినా వంగింది. నిర్దేశ చట్రం మారితే లేని బలం ఒకటి ఉన్నట్టు కనబడుతుందని నేను ఇరవై ఏళ్లుగా బల్ల మీద బాణం గుర్తులు గీసి చెబుతున్న సంగతి అక్కడ అరనిమిషంలో అయిపోయింది. ఆ రోజు తరగతిలో నేను ఇంకేమీ చెప్పలేదు, బిళ్లను రెండోసారి వదిలించాను.

రెండోదాని ముందు తల వంచుకోవాలి. విమానం రెక్క గాలిలో ఎందుకు లేస్తుందని పిల్లలు అడిగితే, రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కిందా పైనా విడిపోయిన గాలి వెనుక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలి కనుక పైగాలి వేగంగా పోతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది అని చెప్పేవాణ్ని. ఒకటి కాదు రెండు కాదు, పదిహేనేళ్లు చెప్పాను. రంగుల యానిమేషన్లతో అదే మాట చెప్పే వీడియోలు ఇప్పటికీ కొల్లలుగా ఉన్నాయి. విడిపోయిన గాలి మళ్లీ ఒకేసారి కలుసుకోవాలన్న నియమం ఎక్కడుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆచార్యుడు హోల్గర్ బాబిన్‌స్కీ గాలి సొరంగంలో రెక్క నమూనాను పెట్టి, దాని మీదికి పొగను విడతలు విడతలుగా వదిలి తీసిన చిన్న వీడియో చూశాక ఆ సంగతి తేలిపోయింది. పైన పోయిన పొగ కింది పొగ కోసం ఆగలేదు. దానికంటే ముందే వెనుక అంచుకు చేరింది. ఇద్దరికీ కలుసుకోవాలన్న ఒప్పందమేదీ లేదు. నిమిషమైనా లేని ఆ పొగ, నేను చెప్పిన పదిహేను బ్యాచుల పిల్లలకు ఇక అందదు కదా అన్న బాధ ఇప్పటికీ ఉంది. యానిమేషన్‌తో వచ్చే చిక్కు ఇదే. గీసినవాడికి ఏది తెలుసో అదే గీస్తాడు, వాడి పొరపాటు కూడా అందంగా కదులుతుంది. పొగకు మన పాఠ్యపుస్తకంతో పని లేదు.

మూడోది అరవింద్ గుప్తా గారి బొమ్మలు. ఐఐటీ కాన్పూరులో చదివి, హోషంగాబాద్ పల్లె బడుల్లో విజ్ఞాన బోధన చూసి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, పాత వార్తాపత్రికలతో విజ్ఞానం చెప్పే దారి పట్టిన మనిషి ఆయన. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బృందం తీసిన చిన్న చిన్న వీడియోలు అనేక భాషల్లో ఉన్నాయి. ఒక టార్చిలైటు సెల్లు, రబ్బరు బ్యాండు, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, కొంచెం ఎనామిల్ రాగి తీగ ఉంటే విద్యుత్ మోటారు తయారవుతుంది. మోటారు వైండింగు దుకాణంలో తీగ అడిగి తెచ్చి, ఒక శనివారం మొదటి సంవత్సరం పిల్లలతో చేయించాను. పన్నెండు మోటార్లలో ఒక్కటి కూడా తిరగలేదు. చుట్ట అటూ ఇటూ వణికి ఆగిపోయింది. పిల్లలు నా వైపు చూశారు, నేను సెల్లుల వైపు చూశాను. ఇంటికి వచ్చి వీడియోను మళ్లీ వేసి, తీగ గీకే చోట ఆపి చూస్తే తప్పు కనబడింది. తీగ కొసలను మేము నలువైపులా శుభ్రంగా గీకేశాం. గీకవలసింది అలా కాదు, ఒక వైపు పూతను అలాగే వదిలేయాలి. చుట్ట సగం తిరిగాక విద్యుత్తు ఆగిపోవాలి, లేకపోతే ముందు తోసిన బలమే తరువాత వెనక్కి లాగుతుంది. ఆ కాస్త పూతే విద్యుత్తును ఆపి చుట్టను దాని ఊపులో మిగతా సగం తిరగనిస్తుంది. మోటారులో ఈ పని చేసే భాగమే కమ్యుటేటరు, దాని పని ఏమిటని ఏటా పరీక్షలో అడుగుతాం. దాని పని ఏమిటో అది లేకపోతే తెలిసింది. సోమవారం తొమ్మిది మోటార్లు తిరిగాయి.

నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఒక్కో మూలకానికీ ఒక్కో వీడియో చొప్పున పెట్టిన వరుస కూడా ఇలాంటిదే. చెదిరిన తెల్లజుట్టుతో ఆచార్య మార్టిన్ పొలియకాఫ్‌ను మా పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. మా రసాయనశాస్త్ర విభాగంలో చేయడానికి ధైర్యం చాలని ప్రయోగాలు వాళ్లు కంచెకు అవతల చేసి చూపిస్తారు. దాని గురించి ఇంతకంటే రాయనక్కరలేదు, చూస్తే చాలు.

ఇక పుస్తకంలో రెండో సగం. ఇది నా సగం కాదు, మా ఆవిడ సగం. ఆమె పుట్టిల్లు కృష్ణా జిల్లాలో మొవ్వకు దగ్గరి పల్లె. కూచిపూడి అక్కడికి కూతవేటు దూరం. ఒక రాత్రి నేను ఏదో పాఠం ముగించి ఫోను పక్కన పెట్టబోతుంటే, "ఏమండీ, అందులో వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ దొరుకుతుందేమో చూడండి" అంది. దొరికింది, ఒకటి కాదు, ముక్కలు ముక్కలుగా ఎన్నో. శర్మగారు 2012లో పోయారు. స్త్రీ పాత్ర వేసే మగవాడని ముందే తెలిసి కూర్చున్న నాకు, అయిదు నిమిషాల తరువాత ఆ తెలివి పనిచేయలేదు. నడకలో కాదు, అభినయంలో కూడా కాదు. మెడ తిప్పి చూసే ముందు కనురెప్పలు ఒక్క క్షణం ఆలస్యం చేసే తీరులో ఉందంతా. మా ఆవిడ మాత్రం నాలాగా ఆశ్చర్యపోలేదు. వేదిక మీద పట్టిన తెర వెనుక నిలబడ్డ సత్యభామ జడను తెర మీదుగా ఇవతలికి వేసే ఘట్టం కోసం ఎదురుచూసింది. ఆ జడ వేయడం అలంకారం కోసం కాదనీ, తనను విద్యలో ఓడించగలవాళ్లు సభలో ఎవరైనా ఉంటే వచ్చి దీన్ని కోయవచ్చునని విసిరే సవాలనీ ఆమె చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్నది. డాలస్‌లో కూచిపూడి నేర్చుకుంటున్న మా తమ్ముడి కూతురు ఫోనులో, "పెదనాన్నా, అక్కడ జడ తెర మీద ఎందుకు పడుతుంది?" అని అడిగితే ఈ సంగతి పెద్దమ్మ చేతే చెప్పించాను. ఆ పిల్ల గురువుగారు పంపిన వీడియోలో ఆ ఘట్టమే లేదు. పాట మొదలైన చోటు నుంచి కోసి పెట్టారు.

ఇక్కడే నా చిట్టాకు చిక్కు వచ్చి పడింది. పాఠాల వీడియోలకు అయిదు గడులూ ఇట్టే నిండేవి. ఎన్‌పీటెల్ పాఠానికి విషయం పేరు, ఆచార్యుని పేరు, సంస్థ పేరు, వరుస సంఖ్య అన్నీ మొదటి అయిదు సెకన్లలో తెర మీదికి వస్తాయి. మన కళల వీడియోల దగ్గరికి వచ్చేసరికి పేరు గడిలో 'అద్భుతమైన కూచిపూడి నృత్యం', 'తప్పక చూడవలసిన బుర్రకథ', 'మన సంస్కృతి మన గర్వం' లాంటివి రాసుకోవలసి వచ్చింది. తీసిన ఊరు లేదు, సంవత్సరం లేదు, పక్కన మృదంగం వాయించినవారి పేరు ఏనాడూ లేదు. ఒకే ప్రదర్శనను నలుగురు నాలుగు పేర్లతో పెట్టారు. ఒకరు దాన్ని నిలువుగా కోసి, నర్తకి చేతులు రెండూ చట్రం బయటికి పోయేలా చేశారు. అభినయంలో చేతులే తీసేస్తే మిగిలేదేమిటో ఆ మహానుభావుడికే తెలియాలి.

సంగీతం సంగతి ఇంకొక రకం. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ అని నొక్కితే వచ్చేది వీడియో కాదు, ఆయన నలుపు తెలుపు ఫోటో. వెనుక పాత గ్రామఫోను రికార్డు నాదం. ఆయన 1964లోనే వెళ్లిపోయారు కనుక ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఆ నాదమైనా దొరికినందుకు పెట్టినవారికి దండం పెట్టాలి. కానీ ఒక కచేరీ విషయంలో ఒకరి ఫోటో, ఇంకొకరి గొంతు అతికించి ఉండటం మా పక్కింటి సంగీతం మాస్టారు పట్టుకున్నారు. ఆయనకు గొంతు తెలుసు కనుక పట్టుకున్నారు. ఆయన తరం వెళ్లిపోయాక ఆ ఫోటోయే ఆ గొంతుకు శాశ్వతంగా అంటుకుపోతుంది.

చేతిపనుల వీడియోలు మాత్రం ఈ సగంలో నాకు బాగా నచ్చినవి. శ్రీకాళహస్తి కలంకారీ గురించి అంతకుముందు రెండు మూడు వ్యాసాలు చదివి, నాకు తెలుసుననుకున్నాను. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నూలుగుడ్డను నానబెట్టి ఆరేస్తారనీ, పాలు రంగును పక్కకు పాకనివ్వవనీ, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు బెల్లంతో కలిపి రోజుల తరబడి ఊరవేసిన నీరే నల్లరంగు అనీ చదివాను. కానీ ఒక వీడియోలో, కత్తిరింపులు లేకుండా, వెదురు పుల్ల కొసకు చుట్టిన ఉన్ని ఉండను కళాకారుడు వేళ్లతో ఎంత మెల్లగా నొక్కుతాడో, నొక్కిన కొద్దీ గీత ఎలా లావెక్కుతుందో చూసినప్పుడు గాని ఆ కలం ఎలా పనిచేస్తుందో తెలియలేదు. అన్నిటికంటే మించినది ఇంకొకటి. కలం నుంచి దిగినప్పుడు ఆ నీరు నల్లగా ఉండదు. గుడ్డలోని కరక్కాయ వగరు తగిలాకే, చూస్తుండగానే, గీత నలుపెక్కుతుంది. ఇనుముకూ కరక్కాయలోని టానిన్‌కూ మధ్య చర్య అని రెండు ముక్కల్లో రాయవచ్చు. కళ్లముందు ఒక దేవత కనుబొమ నల్లబడటం చూస్తే ఆ రెండు ముక్కలు ఇక మరచిపోరు. మా కెమిస్ట్రీ లెక్చరర్‌కు ఆ నిమిషం సంఖ్య రాసి ఇచ్చాను.

తోలుబొమ్మలాట విషయంలో ఆ అదృష్టం లేదు. సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును గీసి, పలచన చేసి, రెండు వైపులా రంగులు వేసి, కన్నాలు పొడిచి బొమ్మ చేసే పని గురించి మంచి వీడియోలు ఉన్నాయి. ఆట వీడియోలు మాత్రం పది నిమిషాలకు మించవు. రాత్రంతా నడిచే ఆటను పది నిమిషాలకు కుదిస్తే రాముడు, రావణుడు మిగులుతారు. నవ్వించే పాత్రలైన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఎగిరిపోతారు. కథ తెలిసిన ఊరు తెల్లవార్లూ కూర్చున్నది ఆ ముగ్గురి కోసమే. బుర్రకథ పితామహుడిగా పేరుపొందిన నాజర్ గారివీ, ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారివీ దొరికినంత మేర పుస్తకంలో ఎక్కించాను; అక్కడా ఇదే కథ. కథకుడు పక్కనున్న వంతలతో చేసే పరిహాసం దగ్గర కత్తెర పడుతుంది.

పుస్తకంలో చేరనివాటి గురించి ఎక్కువ రాయను. 'ఈ పది ప్రశ్నలు చదివితే చాలు' అనే పరీక్షల వీడియోలు చేరలేదు. మన పూర్వులకు అన్నీ ముందే తెలుసునని నిమిషంలో నిరూపించేవి చేరలేదు. పూర్వులకు నిజంగా తెలిసినవాటిని ఓపికగా చెప్పేవి దొరికితే చేర్చడానికి సిద్ధంగా ఉన్నాను. నిమిషం లోపు ముక్కలు కూడా చేరలేదు, ఒక్క బాబిన్‌స్కీ పొగ తప్ప. అది చిన్నది, కానీ ముక్క కాదు. ప్రయోగం నిడివే అంత.

తెలుగులో చెప్పే విజ్ఞానం గురించి ఒక మాట. ఎన్‌పీటెల్ తన పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి తెస్తోంది, అది పెద్ద పని. అయినా తెలుగు మీడియం నుంచి వచ్చిన మా పిల్లలతో కలిసి చూస్తున్నప్పుడు నాకు తోచినది ఏమిటంటే, 'జడత్వం', 'కోణీయ ద్రవ్యవేగం' వంటి మాటలు వాళ్లను బెదిరించవు, అవి బడిలో విన్నవే. అయోమయమంతా వాక్యంలో ఉంటుంది. ఇంగ్లీషు వాక్యపు ఎముకల మీద తెలుగు తోలు కప్పి చదివితే, మూడో పదానికే పిల్లవాడి చూపు కిటికీలోకి పోతుంది. తెలుగులోనే ఆలోచించి, చేతిలో ఒక వస్తువు పట్టుకుని, అది పడేదాకా ఆగి, పడ్డాక మాట్లాడే వీడియోలు మనకు ఇంకా కావాలి. కొందరు ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు ఫోను కెమెరాతో అలాంటివి తీస్తున్నారు. వెలుతురు చాలదు, వెనుక పిల్లల గోల వినిపిస్తుంది. అవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి.

మా ఆవిడ సగంలో చివరి పద్దు నెల రోజులుగా సగమే నిండి ఉండేది. పల్లెలో ఆరుబయట వేసిన భామాకలాపం (సత్యభామ కథ), రంగులు వెలిసిపోయిన వీడియో టేపు నుంచి ఎక్కించినది, నలభై నిమిషాలు. సత్యభామ చెలికత్తె మాధవి పాత్ర వేసినవారి గొంతు ఎక్కడో విన్నట్టుందని ఆవిడ ఆ నలభై నిమిషాలనూ మూడు రాత్రులు విన్నది. పేరు లేదు, ఊరు లేదు. పోయిన ఆదివారం అదే ప్రదర్శన ఇంకొకరు పెట్టినది కనబడింది. అది నలభై మూడు నిమిషాలు. మొదటివారు పనికిరాదని కత్తిరించిన మూడు నిమిషాలూ ఇందులో ఉన్నాయి. మైకు సరిచేస్తూ ఎవరో "హలో, హలో" అంటారు, హార్మోనియం శ్రుతి పట్టుకుంటుంది, ఒక పెద్దాయన వచ్చి పలానా వారి ఇలవేల్పు జాతర సందర్భంగా పలానా ఊరి పెద్దలు ఏర్పాటు చేసిన ప్రదర్శన అని చెప్పి, పాత్రధారుల పేర్లు, హార్మోనియం, మృదంగం, తాళం వేసేవారి పేర్లతో సహా ఒక్కొక్కరివే చదువుతాడు. ఏడాది చెప్పబోతుండగా జనరేటరు చప్పుడు పెరిగి మాట మునిగిపోయింది. మా ఆవిడ నా చేతిలో పెన్ను తీసుకుని, ఊరి గడి, పేర్ల గడి తనే నింపింది. సంవత్సరం గడిలో మాత్రం పెన్సిలుతో ఒక గీత గీసి, ఆ మూడు నిమిషాలను మళ్లీ మొదటి నుంచి వేయమంది.